ఏడు శాతం

ప్రాసెసర్ గురించి ఎవరైనా సలహా అడిగితే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు అడగకపోతే మండేది. మా స్టూడియోలో నన్ను "కోర్ల పంతులు" అనేవారు. వెటకారానికే అనేవారని నాకూ తెలుసు. అయినా ఆ పేరు వింటే లోపల చక్కిలిగింత పెట్టినట్టుండేది. లాప్‌టాప్ కొనాలనుకున్న ప్రతివాడూ నాకో టీ పోయించి, నా పట్టిక చూసి వెళ్ళేవాడు. ఏ ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు, ఎంత వేగం, ఎంత వేడెక్కుతుంది, అన్నీ గళ్ళు గీసి రాసి పెట్టుకున్నాను. కోరు అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే మనిషి అనుకోండి. ఎంతమంది ఉంటే అంత గొప్ప అని నా సిద్ధాంతం.

ఇది నా కథ కాదు, మా అక్క కథ. మధ్యలో నేను దూరతాను, తప్పదు.

అక్క చేసిన పని ఏమిటో బంధువుల్లో సగం మందికి ఈరోజుకీ తెలియదు. భవనాల్లో గోడల వెనక, కప్పుల పైన కనపడకుండా ఉండేవాటిని గీసేది. మంచినీళ్ళ పైపులు, మురుగు పైపులు, మంటలార్పే పైపులు, గాలి పోయే రేకు గొట్టాలు. ఇంజనీరు లెక్కలు వేసి ఇస్తే, ఏ పైపు ఏ దూలం కింద నుంచి, ఏ గోడ పక్క నుంచి పోవాలో చూసి నక్షా తయారుచేయడం ఆవిడ పని. "ఇల్లు బాగుందని మేస్త్రీని మెచ్చుకుంటారు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయని నన్ను మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. రాకపోతే మాత్రం తిట్టడానికి ముందుంటారు," అనేది.

రెండేళ్ళ డ్రాఫ్టింగు కోర్సు చదివి, పందొమ్మిదో ఏట ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో చేరింది. అప్పట్లో ఏటవాలు బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఇంకు పెన్నుతో గీసేవారు. చెమట తగిలితే ఇంకు పాకుతుందని మణికట్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకునేది. గీత తప్పితే సగం బ్లేడుతో గీకాలి. ఒకసారి గీకితే కాగితం పల్చబడుతుంది, రెండోసారి గీకితే చిల్లు పడుతుంది. అందుకని అక్క అసలు తప్పు పడనిచ్చేది కాదు. పొడుగు స్కేలు చంకలో పెట్టుకుని తిరిగేదని ఆఫీసులో "స్కేలమ్మ" అని పేరు పెట్టారు. ఆఫీసు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన కూడా అక్కని అలాగే పిలిచేవాడు. "స్కేలమ్మ గీసిందా? అయితే నేను చూసేదేముంది, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి," అనేవాడట. ఈ మాట అక్క మాకు వందసార్లయినా చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది.

బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో ఆఫీసు డ్రాయింగు గదిలో తొమ్మిది మంది ఉండేవారు. అక్క తప్ప అందరూ మగవాళ్ళే. అందులో ఆరుగురు "ఈ ఎలకతో గీయడం మావల్ల కాదు" అని మానేశారు. అక్క మధ్యాహ్నం తిండి మానుకుని దాని ముందు కూర్చుని నాలుగు నెలల్లో నేర్చుకుంది. కుడిచేత్తో మౌసు, ఎడమచేత్తో కీబోర్డు. కీబోర్డు వైపు చూసేది కాదు. ఇంట్లో కబుర్లు చెబుతూ కూడా ఎడమచేతి వేళ్ళతో బల్ల మీద టకటకమనిపించేది. "ఇప్పుడేం గీస్తున్నావ్?" అని బావ అడిగితే, "నీకో కొత్త బుర్ర," అనేది. బావ లిఫ్టుల మెకానిక్కు. "నా పని పైకెళ్ళడం, కిందకి దిగడం. మీ అక్క పైపులేమో పక్కకి పోతాయి. మేమిద్దరం ఎదురుపడేది భోజనాల దగ్గరే," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి అక్క ఎప్పుడూ నోరు విప్పలేదు. పని మాత్రం ఇంటికి తెచ్చుకునేది.

ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. అప్పుడు పెద్దాయన ఆఫీసుని చిన్న చోటికి మార్చాడు. డ్రాయింగు గది ఎత్తేశారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళతో కలిపి అప్పటికున్న అయిదుగురినీ పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఇకనుంచి ఎవరింట్లో వాళ్ళు, ఎవరి లాప్‌టాప్ మీద వాళ్ళు గీయాలి. అయిదుగురిలో ఇద్దరినే ఉంచుకుంటారు. ఒక ఏడంతస్తుల ఆస్పత్రి పని వచ్చింది, అందరికీ తలో భాగం ఇస్తారు, ఆరు వారాలు చూస్తారు. ఎవరు వేళకి, తప్పుల్లేకుండా ఇస్తే వాళ్ళే ఉంటారు. "నా ఒక్కడి మాట అయితే నిన్ను పరీక్ష పెట్టేవాణ్ణి కాదమ్మా. భాగస్వాములున్నారు," అన్నాడట అక్కతో.

ఆ సాయంత్రమే అక్క మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఒరేయ్ పంతులూ, నాకో మంచి లాప్‌టాప్ కావాలి," అంది. నేను ఉబ్బిపోయి పట్టిక తీశాను.

"అంత కంగారెందుకక్కా? నువ్వుండక ఇంకెవరుంటారు?"

"అలా అనకు. కుర్రవాళ్ళున్నారు, చురుగ్గా ఉన్నారు." మళ్ళీ తనే అంది. "ఉద్యోగం పోతే ఇల్లు గడవదని కాదు రా. బావ జీతం చాలు. పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి చెప్పు? నాకు వచ్చింది అదొక్కటే. ఇష్టమైందీ అదే."

"నేనున్నాను కదా, నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాను. చెప్పుతో కొట్టాలి నన్ను.

మర్నాడు షాపుకి వెళ్ళాం. మా ఎదుట రెండు పెట్టింది షాపమ్మాయి. ఒకటి నల్లగా, లావుగా, ఇటుకరాయిలా ఉంది. కోర్లు ఆరే, కానీ ఒక్కోటి మంచి వేగం. రెండోది సన్నగా, బూడిదరంగులో, చూడముచ్చటగా ఉంది. కోర్లు పధ్నాలుగు. వేగం మాత్రం ఒక మెట్టు తక్కువ. పధ్నాలుగు అన్న అంకె కనపడగానే నేను లావుదాని వైపు చూడటం మానేశాను.

అక్క అలా కాదు. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో తను గీసిన ఒక పాత హోటలు డ్రాయింగు ఉంది. డ్రాయింగు సాఫ్ట్‌వేర్ రెండింట్లోనూ ఉందా అని అడిగి, ఉందంటే అదే ఫైలుని రెండింట్లోనూ తెరిచింది. దగ్గరికి లాగింది, దూరం జరిపింది, ఒక పైపుని పట్టుకుని నాలుగు చోట్ల అతికించింది. ఇక్కడొకసారి, అక్కడొకసారి. కూరగాయలు ఏరుకుంటున్నట్టు ఏ తొందరా లేకుండా చేసింది.

"ఒరేయ్, ఈ లావుది చెప్పీ చెప్పగానే వింటోంది. ఈ సన్నది 'ఆఁ ఆఁ, వస్తున్నా' అంటోంది," అంది.

"అది కొత్త మెషీను అక్కా. వెనకాల ఏవో అప్‌డేట్లు నడుస్తుంటాయి. అలాగే ఉంటుంది."

షాపమ్మాయి కొంచెం ముందుకొచ్చింది. "సార్, డ్రాయింగు చేసేవాళ్ళు ఎక్కువగా ఈ లావుదే తీసుకెళ్తున్నారండీ. కోర్లు తక్కువే కానీ..."

"నేను పదేళ్ళ నుంచి ఇదే పనిలో ఉన్నానమ్మా," అని ఆ పిల్ల నోరు మూయించాను.

ఇదే పనిలో లేను. నేను చేసేది వీడియో ఎడిటింగు. షాపుల ప్రకటనలు, డాన్సు స్కూలు కార్యక్రమాలు కత్తిరించి అతికిస్తుంటాను. మా పనిలో వీడియోని ముక్కలు చేసి తలో కోరుకీ తలో ముక్క పంచవచ్చు, కాబట్టి ఎన్ని కోర్లుంటే అంత త్వరగా అవుతుంది. నా పనిలో నిజమైంది అందరి పనిలోనూ నిజమే అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు చూపించినా కనపడదు కదా. "ఆరుగురు కూలీలు ఎక్కువ పని చేస్తారా, పధ్నాలుగు మందా? నువ్వే చెప్పు," అని అక్కనే ఎదురడిగాను.

అక్క లావుదాని మీద ఒకసారి చెయ్యి వేసింది. "నీకు తెలిసినంత నాకెక్కడ తెలుస్తుందిలే," అని చెయ్యి తీసేసింది. సన్నది కొనేశాం.

మొదటి రెండు వారాలూ బాగానే నడిచింది. డ్రాయింగు ఇంకా తేలిగ్గా ఉంది. మూడోవారంలో ఆ డ్రాయింగు కింద పొరలుగా గోడల నక్షా, దూలాల నక్షా, కరెంటు తీగల నక్షా అన్నీ వచ్చి చేరాయి. ఫైలు బరువెక్కింది. అక్క ఒక చోట నొక్కితే గీత వెంటనే పడేది కాదు. పడలేదేమో అని మళ్ళీ నొక్కేది. అప్పుడు ఒకదాని మీద ఒకటి రెండు పైపులు పడేవి, చూడ్డానికి ఒకటే కనిపించేది. లెక్కలోకి మాత్రం రెండూ వచ్చేవి. భాగస్వాముల్లో ఒకాయన ఫోన్ చేసి, "ఏమ్మా, రెండో అంతస్తులో రోగులు అంతగా నీళ్ళు తాగుతారా? పైపులు రెండింతలున్నాయి," అన్నాడట. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పని చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు గొంతు బాగా తగ్గించి చెప్పింది, పక్కన ఎవరూ లేకపోయినా.

"ఒకసారి వచ్చి దీంట్లో ఏమన్నా తేడా ఉందేమో చూస్తావా?" అని అడిగింది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. బావ కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపించే కిటికీ ఒకటుంటుంది. అది తెరిచి, "ఇప్పుడు నీ డ్రాయింగు అటూ ఇటూ తిప్పక్కా," అన్నాను. అక్క తిప్పింది. బొమ్మ తడబడుతూ తిరిగింది. కిటికీలో అంకె ఏడు శాతం దగ్గర నిలబడింది.

నేను పెద్దగా నవ్వాను. లాప్‌టాప్‌ని బావ వైపు తిప్పాను. "చూడు బావా, ఏడు శాతం! మిగతా తొంభైమూడూ కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాయి. ఏనుగుని కొనిచ్చి దానిచేత అగ్గిపెట్టె మోయిస్తున్నాం." అక్క వైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడూ, అలా ఉంది నీ వరస," అన్నాను.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

ఆ తర్వాత ఆవిడ లాప్‌టాప్‌ని ఒక్క మాట అనలేదు. తనని తాను అనుకోవడం మొదలుపెట్టింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చూపు బాగానే ఉందని ఆయన అంటే, నమ్మక ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎవరో చెప్పారని రబ్బరు బంతి ఒకటి కొని, టీ తాగుతున్నంతసేపూ కుడిచేత్తో నొక్కుతూ ఉండేది. "నలభై అయిదు వచ్చాయి కదరా, వేళ్ళు మొద్దుబారుతున్నాయేమో. నొక్కాననుకుంటాను, నొక్కను. నొక్కలేదనుకుంటాను, రెండుసార్లు నొక్కి ఉంటాను," అనేది. నేను పెద్దమనిషిలాగా, "అలవాటవుతుందిలే అక్కా, కొత్త మెషీను కదా," అని ధైర్యం చెప్పేవాణ్ణి. రెండుసార్లు పడకుండా ఉండాలని, ఒక్కో గీతకీ నొక్కి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గీత పడిందని చూసి, అప్పుడు మళ్ళీ చెయ్యి తీసేది. రోజుకి మూడు షీట్లు గీసే మనిషి ఒకటి పూర్తి చేయడానికి తంటాలు పడింది. తప్పులు తగ్గాయి, కానీ వెనకబడిపోయింది.

అయిదో వారం, శుక్రవారం మధ్యాహ్నం. మా స్టూడియోలో ప్రకటనల్లో తెర మీద అక్షరాలు కదిలించే పని చేసే ఆవిడ ఒకరున్నారు. ఆవిడ కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుని, నత్తనడక నడుస్తోందని తిట్టుకుంటోంది. నేను వెళ్ళి అదే కిటికీ తెరిచాను. ఏడు శాతం. "మీ మెషీను ఖాళీగానే ఉందండీ," అని నవ్వబోయాను.

"ఖాళీ ఏంటి పంతులుగారూ? ఇలా చూడండి," అని ఆవిడ ఆ బొమ్మ మీద మౌసు కుడివైపు నొక్కి ఏదో మార్చింది. ఒక్క పెద్ద గడి పోయి పధ్నాలుగు చిన్న గళ్ళు వచ్చాయి. పదమూడు గళ్ళు బోసిగా ఉన్నాయి. ఒక్క గడి మాత్రం అంచు దాకా నిండిపోయి ఉంది. "ఈ దరిద్రపు సాఫ్ట్‌వేర్‌కి ఒక్క కోరుతోనే పని. ఆ ఒక్కటీ చస్తూ బతుకుతూ చేస్తోంది. పధ్నాలుగులో ఒకటి కాబట్టి మొత్తం మీద ఏడు శాతం అని చూపిస్తోంది, అంతే. ఇంత చిన్న విషయం మీకు తెలీదా?"

నాకు తెలీదు. వందని పధ్నాలుగుతో భాగిస్తే ఏడు వస్తుందని బడిపిల్లలకి తెలుసు. కోర్ల పంతులికి తెలీలేదు.

నా సీటుకి వెళ్ళి డ్రాయింగు సాఫ్ట్‌వేర్ల గురించి చదివాను. పదేళ్ళలో ఒక్కసారైనా చదవాల్సిన సంగతి అది. గీత గీయడంలో ఒకదాని తర్వాత ఒకటి జరగాలి, ముందుది తేలితే గానీ తర్వాతది కదలదు. సూదిలో దారం ఎక్కించడానికి పధ్నాలుగు మంది చుట్టూ నిలబడ్డా ఎక్కించేది ఒక్క చెయ్యే. ఆ ఒక్క చెయ్యి చురుగ్గా ఉండాలి. సన్నటి లాప్‌టాప్ కావడంతో లోపల వేడి చేరి ఆ ఒక్క చెయ్యి కూడా మందగించేది. షాపులో అక్క రెండు నిమిషాల్లో కనిపెట్టింది. షాపమ్మాయి చెప్పబోయింది. మద్దెల నిజంగానే ఓడు.

బయటికి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాను. "చెప్పరా, త్వరగా చెప్పు, నాలుగో అంతస్తులో ఉన్నా," అంది. "ఏం లేదక్కా, ఊరికే చేశాను," అన్నాను.

ఎందుకలా అన్నానని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. సమాధానం సిగ్గుచేటుగా ఉంటుంది. పరువు. పంతులు పేరు పోతుందని. రెండు వారాలుగా అక్క బంతి పిసుకుతూ కూర్చుంటే, నా నోటి నుంచి "తప్పు నాది" అన్న రెండు ముక్కలు రాలేదు. ఎదురుగా కూర్చుని చెబుదాంలే, ఫోన్లో బాగుండదు, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శనివారం వెళ్ళాను కూడా. వీధిగదిలో బావతో పాటు వాళ్ళ ఫోర్‌మన్ కూర్చుని ఉన్నాడు. "రావోయ్ రా, సమయానికి వచ్చావు!" అన్నాడు బావ. "మా బామ్మర్ది అండీ. లాప్‌టాప్‌ల సంగతి ఇతన్ని అడిగాక ఇంకెవర్నీ అడగక్కర్లేదు. మా ఆవిడకి కొనిచ్చింది ఇతనే. దాంట్లో ఏడు శాతం వాడితేనే ఆస్పత్రి మొత్తం గీసేయొచ్చట!" ఫోర్‌మన్ గౌరవంగా లేచి నాకు కుర్చీ చూపించాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లోపలి గదిలో అక్క వీపు కనిపిస్తోంది. నొక్కింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చూసింది. మళ్ళీ తీసింది. మధ్యలో వెనక్కి తిరిగి, "తిని వెళ్ళరా, ఇంకా మూడంతస్తులున్నాయి, నేను లేవలేను," అని నవ్వింది. తిని వచ్చేశాను.

ఆదివారానికి నాకో గొప్ప ఉపాయం తట్టింది. ఏమీ చెప్పకుండా లాప్‌టాప్ మార్చేద్దాం. షాపు వాళ్ళేదో పాతదిచ్చి కొత్తది తీసుకోమంటున్నారని చెబుదాం. అక్క చెయ్యి దానంతటదే బాగుపడుతుంది, నా పేరూ నిలబడుతుంది. షాపుకి పరిగెత్తాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. దెప్పితే బాగుండేది, దెప్పలేదు. "ఆ లావుది అయిపోయింది సార్. మంగళవారం వస్తుంది, ఒకటి మీ కోసం పక్కన పెడతాను," అంది. మంగళవారమైనా ఇంకో నాలుగు రోజులు మిగిలే ఉంటాయి, అక్క వేగానికి అవి చాలు అని లెక్క వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

సోమవారం పొద్దున్న అక్క ఉతికిన చీర కట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. నాలుగు అంతస్తుల షీట్లు బల్ల మీద పెట్టింది. "సార్, ఇక్కడిదాకా సరిచూసి ఇచ్చాను. మిగతావి వేరేవాళ్ళకి ఇవ్వండి. నా చెయ్యి నాకు వశం కావడం లేదు. ఆస్పత్రి పని, తప్పు పోతే మనుషులకి కష్టం," అంది. పెద్దాయన ఇంకో వారం ఆగమన్నాడట. ఇంకో రెండు వారాలు తీసుకోమన్నాడట. అక్క వద్దంది. ఆయన గేటు దాకా వచ్చి, ఆవిడ గొడుగు తనే తెరిచి ఇచ్చాడట.

ఇదంతా మధ్యాహ్నం ఫోన్లో నాకు చెప్పింది. ఏడవలేదు. "ఇరవై ఆరేళ్ళు చేశాగా, చాల్లే," అంది. తిన్నావా అని అడిగింది. నేను తిన్నానని చెప్పాను.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్ళి పెద్దాయన కాళ్ళ మీద పడి చెప్పొచ్చు. చెప్పలేదు. ముందు చెప్పనివాడు తర్వాత చెబితే, ముందెందుకు చెప్పలేదని అడుగుతారు కదా. ఒకరోజు ఆగితే రెండోరోజు ఇంకా కష్టమైంది. నెల గడిచింది, ఆర్నెల్లు గడిచాయి. పెద్దాయనకి జబ్బు చేసి ఆఫీసు పూర్తిగా మూసేశారు. ఇక చెప్పినా లాభం లేదన్న సాకు కూడా దొరికింది నాకు. ఆ సన్నటి లాప్‌టాప్ బావ తీసుకున్నాడు. పాటలు వింటాడు దాంట్లో, బ్రహ్మాండంగా ఉందంటాడు.

అక్క కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే ఉంది. ఉన్న అల్మరాలే సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. తర్వాత, పెద్ద పెద్ద డ్రాయింగు షీట్లు ప్రింటు తీసిచ్చే షాపు ఒకదాంట్లో చేరింది. యంత్రంలోంచి వచ్చిన షీట్లు మడతపెట్టి ఇవ్వడం పని. ఎంత పెద్ద షీటైనా నాలుగు మడతల్లో, పేరున్న మూల పైకి వచ్చేట్టు మడుస్తుంది. మడుస్తూ మడుస్తూ ఒక్కోసారి ఆగిపోతుంది. "ఏమండీ, ఈ మురుగు పైపు దూలంలోంచి పోతోంది, ఒకసారి చూసుకోండి," అంటుంది. వాళ్ళు చూసుకుని కంగారుపడి, "మీకెలా తెలిసిందండీ?" అంటారు. "ఏమో, ఊరికే అనిపించింది," అంటుంది. ఒకసారి నా ముందే జరిగింది ఇది. ఆ రోజు నేను ఇంటికెళ్ళి అన్నం ముట్టుకోలేకపోయాను. నా పట్టికని నాలుగు ముక్కలు చేసి చెత్తలో వేశాను. దానివల్ల ఎవరికేం ఒరిగింది గనక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆ వారంలోనే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ ప్రింటు షాపుకి వెళ్ళాను. వెనక గదిలో కాగితపు చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని టిఫిను డబ్బా మూత పెడుతోంది.

"ఏంట్రా ఈ వేళప్పుడు? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారక్కా. నీకొకటి చెప్పాలి." నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. "అప్పుడు... ఆ ఆస్పత్రి పని అప్పుడు... తప్పు నీ చెయ్యిది కాదక్కా. ఆ లాప్‌టాప్‌దే. నీ పనికి అది పనికిరాదు. నువ్వు చూపించిన లావుదే సరైంది. నేనే తప్పు చెప్పాను."

నేను ఒక చిత్తుకాగితం తీసుకుని పధ్నాలుగు గళ్ళు వేశాను. ఒక గడిని పెన్సిలుతో నింపాను. మిగతావి ఖాళీగా వదిలి, ఏడు శాతం అంటే ఏమిటో చెప్పాను. ఆవిడ కాగితాన్ని దగ్గరికి తీసుకుని, నింపిన గడిని చాలాసేపు చూసింది. తర్వాత కుడిచెయ్యి ముందుకు చాపి, గుప్పిట మూసింది, తెరిచింది. మళ్ళీ మూసింది.

"అంటే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అంది.

"బాగానే ఉందక్కా. ఎప్పుడూ బాగానే ఉంది."

"నేను ఇంకేదో అనుకున్నాను రా. మా అత్తగారికి చివర్లో చేతులు వణికేవి చూడు, అలాంటిదేదో నాకూ మొదలైందనుకున్నాను. బావకి కూడా చెప్పలేదు." కళ్ళు తుడుచుకుంది. ముక్కు ఎగబీల్చి, నా మొహంలోకి చూసింది. "నీకెప్పుడు తెలిసింది రా ఇది?"

దారి పొడుగునా ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం. నువ్వు ఆఫీసుకి వెళ్ళడానికి మూడు రోజుల ముందు. నీకు ఫోన్ చేసి, ఊరికే అన్నాను చూడు, అప్పుడు. ఇంతే చెప్పాలి.

"ఈమధ్యనే అక్కా," అన్నాను. "పోయిన నెలలో."

అక్క గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది. లేచి, చిన్నప్పుడు బడి నుంచి ఏడుస్తూ వచ్చినప్పుడు తుడిచినట్టు, తన కొంగుతో నా మొహం తుడిచింది. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

"పోనీలే రా, ఏం చేస్తాం. నీకు మాత్రం తెలిసి చేశావా?" అంది. "అప్పుడే గనక తెలిసుంటే, పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పేవాడివి కాదూ?"

బయట ఎవరో కాగితాల చుట్టతో వచ్చి పిలుస్తున్నారు. అక్క చేతులు కడుక్కోవడానికి వెళుతూ, జవాబు కోసం గుమ్మం దగ్గర ఆగింది.

"అవునక్కా," అన్నాను.